నీళ్ళు చూసే ఆయన

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు: నాయన శ్రీరంగప్ప, అమ్మ సుబ్బరత్నమ్మ, నాయనను కన్న ఓబమ్మ అవ్వ, అమ్మ తమ్ముడు కుళ్ళాయప్ప మామ, తాను. మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా నీళ్ళు చూసే ఆయన.

తిమ్మక్క తన నోటుపుస్తకంలో ఏ రోజుదైనా ఇట్లాగే మొదలుపెడుతుంది. తొమ్మిదో తరగతిలో పుల్లన్న సారు నేర్పిన పద్ధతి అది. "మనుషులు లేకుండా ఏ సంగతీ జరగదు పాపా. ముందు ఎవరెవరు ఉండారో రాయి. తర్వాత కండ్లతో చూసింది, చెవులతో విన్నది రాయి. మంచోడు, చెడ్డోడు అని నువ్వు పేర్లు పెట్టొద్దు. ఆ పని చేసేదానికి లోకంలో శానామంది ఉండారు" అన్నాడు సారు. హాజరు పిలిస్తే "ఉన్నాను సార్" అనడానికే గొంతు పెగలని పిల్లకు ఈ పని ఎంతో నచ్చింది. నోటితో అనలేనివన్నీ వేళ్ళలోకి దిగేవి. పదో తరగతికి వచ్చేసరికి రెండు పుస్తకాలు నిండి మూడోది సగమైంది. వాటిలో ఎక్కువ రోజుల కింద ఒకటే మాట ఉంది: "వాన రాలేదు."

ఎనభై మూడో సంవత్సరం అక్టోబరులోనూ రాలేదు. ఇంటి వెనక చేనులో వేరుశెనగ ఊడలు గట్టిపడిన నేలలోకి దిగలేక పైనే మాడిపోతున్నాయి. అంతకుముందు వేయించిన రెండు బోర్లూ దుమ్ము కక్కాయి. బోరు లారీ పక్క ఊళ్ళో ఉంది. మూడు రోజుల్లో తమ ఊరికి వస్తుంది. ఆలోగా ఎక్కడ దించాలో చూపించేవాడు కావాలి. కళ్యాణదుర్గం వైపు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని నీళ్ళు చూసేవాడు ఒకడున్నాడని విని నాయన కబురు పంపి మూడు వారాలైంది. అవ్వ రోజూ గడప మీద కూర్చొని దారి చూస్తోంది.

అట్లాంటి మధ్యాహ్నం, కుక్కలు కూడా గోడల నీడకు ఒదిగిన వేళ, ఒక మనిషి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. నలభై ఏండ్లుంటాయి. బక్కమనిషి. మాసిన పంచె, భుజాన గుడ్డసంచి. సంచి మూతిలోంచి కొబ్బరికాయ పిలక ఒకటి బయటికి కనబడుతోంది.

"అమ్మా, దాహం" అన్నాడు.

అవ్వ చూపు ఆ పిలక మీద పడింది. అంతే, మోకాళ్ళ నొప్పులు మరిచి లేచింది. "వచ్చినావా నాయనా! మూడు వారాలాయ నీ దోవ చూడబట్టి. మే తిమ్మక్కా, చెంబు తే! శ్రీరంగా, నీళ్ళు చూసేటాయన వచ్చినాడప్పా!"

ఆయన అవుననలేదు, కాదనలేదు. చెంబెత్తి గొంతులో పోసుకున్నాడు. ఒక్క చుక్క కింద పడలేదు. తాగడం కూడా ఇంత శ్రద్ధగా చేయవచ్చునా అని తిమ్మక్కకు అనిపించింది.

ఊరు పేరు ఎవరూ అడగలేదు. నీళ్ళు చూసేవాడి పేరు పని కాకముందు అడిగితే గంగమ్మ చెవిన పడి కిందికి దిగిపోతుందని అవ్వ నమ్మకం. మొదటి బోరప్పుడు నాయన తొందరపడి అడిగాడట. అందుకే అది దుమ్ము కక్కిందని ఆమె ఇప్పటికీ దెప్పుతుంది.

అమ్మ సంగటి ముద్ద, నంజుకోను వేరుశెనగ ఊరిమిండి పెట్టింది. మామ పక్కన కూర్చొని ఎకసక్కాలు మొదలుపెట్టాడు. "మేము నీకు చెంబు నీళ్ళిస్తే నువ్వు మాకు బోరు నీళ్ళు చూపించల్ల. మాకే లాభమన్నా."

"నోరు మూసుకోరా కుళ్ళాయప్పా! ఆ స్వామి పేరు పెట్టుకోని అన్నీ కోతి చేష్టలే" అంది అవ్వ.

ఆయన చేతిలో ముద్ద ఆగింది. "కుళ్ళాయప్ప అంటే పీరు పేరు కదా. నువ్వు మొక్కుతావా?"

"మొక్కేది ఒకటేనా? నిప్పుల గుండం తొక్కుతా! మాయమ్మకు నలుగురు బిడ్డలు పోయినాంక పీర్ల స్వామికి మొక్కుకుంటే నేను పుట్టినాను. పెద్దకొట్టాలలో పీర్లు కూర్చోని ఐదు దినాలాయ. పదో దినం నువ్వూ రా. పీర్లెత్తే మాబు సాబు తాత చేతి చక్కెర తింటే నీ కొబ్బరికాయ దానంతటది లేస్తాది."

ఆయన చూపు తట్ట మీదికి దించుకున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. తిన్న తర్వాత తట్టలో ఒక్క గింజ కూడా మిగల్చకుండా చేయి కడుక్కొని, అరుగు మీద తుండుగుడ్డ పరుచుకొని కళ్ళు మూసుకున్నాడు.

తిమ్మక్క నడిమింట్లో గాదె వెనక తన చోటికి చేరి పుస్తకం తెరిచింది. అప్పుడు నాయన లోపలికి వచ్చాడు. వక్కాకులు, కొత్త తువాలు ఆయనకు మర్యాదగా ఇవ్వాలని, ఇస్తే తీసుకుంటాడో లేదో అని, గూటిలో ఉన్న ఆయన సంచిలోనే పెట్టబోయాడు. సంచిలోంచి కాగితాల కట్ట బయటికి వచ్చింది. ఎర్ర అక్షరాలు. పైన నిప్పుకణిక బొమ్మ. ఆ బొమ్మ ఊరివాళ్ళందరికీ తెలుసు. ప్రభుత్వం నిషేధించిన ఏకధర్మ దండు గుర్తు అది. పోలీసులు బస్టాండులో అతికించిన కాగితాల మీద అదే ఉంది. నాయన ఒక కాగితం చదివాడు. పెదవులు కదిలాయి. మళ్ళీ చదివాడు. తర్వాత కట్టను ఎట్లా ఉన్నదట్లా సంచిలోకి తోసి, వక్కాకులు, తువాలు దాని మీద పెట్టి, కాసేపు గోడకు ఆనుకొని నిలబడ్డాడు. తలుపులోంచి ఎండిన చేను కనబడుతోంది. అటే చూశాడు. తర్వాత బయటికి పోయి, "అన్నా, లెయ్యి. పొద్దు వాలతాండాది. చేనికి పోదాం" అన్నాడు.

గాదె వెనక ఒక మనిషి ఉందని ఆయనకు తెలియదు. తిమ్మక్క చూసింది చూసినట్టు రాసింది. ఆ బొమ్మ ఏమిటో ఆమెకూ తెలుసు. కానీ నాయనే లేపి చేనికి పిలిచాడు కదా, పెద్దవాళ్ళకు ఏదో తెలిసే ఉంటుందిలే అనుకుంది.

సంచి తీసుకోవడానికి ఆయన నడిమింట్లోకి వచ్చినప్పుడు పెన్సిలు గీత విని గాదె వెనకకు తొంగి చూశాడు.

"ఏం రాస్తాండావమ్మా?"

తిమ్మక్క పుస్తకాన్ని సగం మూసింది. "ఇంట్లో ఎవరెవరు ఉండారో" అంది.

"నన్నేమని రాసినావు?"

"నీళ్ళు చూసే ఆయన అని."

ఆయన ముఖంలో ఏదో కదిలి ఆగిపోయింది. నవ్వు అయితే కాదు. "రాసుకో" అన్నాడు. "అట్లే ఉండనీ."

చేనులో ఆయన చెప్పులు విడిచాడు. ఇంటి కాయే కావాలని అమ్మ ఇచ్చిన పిలక కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకొని నడిచాడు. వెనక నాయన, అమ్మ, అవ్వ, మామ, అందరికంటే వెనక తిమ్మక్క. తూర్పు గట్టు దాటారు, ఏమీ లేదు. పాత బోరు గొట్టం దాటారు, ఏమీ లేదు. మామ కూడా నోరు మూసుకున్నాడు. తుమ్మచెట్టుకు పది అడుగుల ఇవతల ఆయన కాలు ఆగింది. అరచేతిలో పడుకున్న కాయ చిన్నగా కదిలింది. పిలక పైకి లేచింది. పుట్టిన దూడ మొదటిసారి కాళ్ళు కూడదీసుకొని లేచినట్టు వణుకుతూ, తూలుతూ, లేచి నిలబడింది. ఆయన మోచేయి నుంచి చెమట ధారగా కారి పొడిమట్టిలో పడింది.

అవ్వ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. తిమ్మక్క ఒళ్ళంతా గగుర్పొడిచింది. ఎండలో నిలబడి ఉన్నా చలేసింది. అప్పుడు ఆమె ఆయన ముఖం చూసింది. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యం ఆ ముఖంలోనే ఉంది. తన చేతిని తాను ఎన్నడూ చూడనట్టు చూసుకుంటున్నాడు. ఆ మాట కూడా రాసుకోవాలని అనుకుంది, రాసింది.

నాయన ఆ చోట మూడు రాళ్ళు పేర్చాడు. "బామ్మర్దీ, ఈయప్పను సైకిలు మీద రోడ్డు దాకా దించి రాపో" అన్నాడు. మామ దించి, దీపం పెట్టే వేళకు తిరిగి వచ్చాడు. "సైకిలు మీద ఏం మాట్లాడలేదు కోడలా. దిగేటప్పుడు మాత్రం 'నీళ్ళు పడతాయా?' అని నన్నడిగినాడు. నన్ను! చూపించినోడు ఎవరు, అడిగేదెవరిని?" అని నవ్వాడు. తిమ్మక్క అదీ రాసింది. మామ అన్నం తిని నడిమింట్లో పడుకున్నాడని, అవ్వ దగ్గుకు లేచినప్పుడల్లా మామ గురక వినబడుతోందని తిట్టిందనీ రాసింది.

మరునాడు పొద్దున్నే పాలవాడు చెప్పాడు. పెద్దకొట్టాలలో తెల్లవారుజామున పీర్ల చావిడి కాలిపోయింది. పీర్లను విడిచి రాలేక మాబు సాబు తాత లోపలే ఉండిపోయాడు. చావిడి ముందర ఎర్ర అక్షరాల కాగితాలు దొరికాయి.

అవ్వ గుండె మీద కొట్టుకొని ఏడ్చింది. నాయన అప్పుడు పండ్లు తోముకుంటున్నాడు. వేపపుల్ల నోట్లోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఆయన రోజంతా చేనులోనే తిరిగాడు. రాళ్ళ దగ్గరికి పోతాడు, వస్తాడు. మళ్ళీ పోతాడు.

సాయంత్రానికి పోలీసు జీపు వచ్చి మామను తీసుకుపోయింది. రోడ్డు మీద టీ అంగడివాడు దండు మనిషిని మామ సైకిలు మీద దించడం చూశాడట. గుండం తొక్కే మనిషిని చావిడి కాల్చాడంటే ఎట్లా అని అమ్మ జీపు వెంట పరుగెత్తింది. దుమ్ములో కూర్చుండిపోయింది.

మరునాడు బడిలో తిమ్మక్క పుల్లన్న సారు బల్ల దగ్గరికి పోయి నిలబడింది. తానుగా పోయి నిలబడడం అదే మొదటిసారి.

"సార్, అవ్వ ఆయన్ను రాక్షసుడు అని రాయమంటుంది. ఊళ్ళో కొందరు, కాయ లేచింది కాబట్టి ఆయనలో దేవుడు ఉండాడంటారు. నేను నీళ్ళు చూసే ఆయన అని రాసి పెట్టినాను. ఇప్పుడేం చేయల్ల?"

సారు చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. "నీకు భయమైతాందా?"

"అవుతాంది సార్."

"నాకూ అవుతాంది. దాన్ని కొట్టెయ్యొద్దు. తెలిసినంత వరకు కింద రాయి. యాడ తెలిసిందో అదీ రాయి."

ఆమె రాసింది: "ఏకధర్మ దండు అనేది ఒకటి ఉంది. ప్రభుత్వం రెండేండ్ల కిందట దాన్ని నిషేధించింది. ఒక మతం వాళ్ళు ఇంకో మతం దేవుణ్ణి మొక్కకూడదని వాళ్ళ మాట. ఇది పేపరులో చదివాను. చావిడి మేమే కాల్చామని వాళ్ళ కాగితంలో ఉందట. ఇది సారు చెప్పాడు. మాబు సాబు తాత చనిపోయాడు. ఆయన్ను నేను చూశాను. పోయిన ఏడు నా చేతిలో చక్కెర పోశాడు. నీళ్ళు చూసే ఆయన ఆ దండు మనిషి అంటున్నారు. ఆయన్నూ నేను చూశాను. కొబ్బరికాయ లేచి నిలబడింది."

రాసి, పేజీ వెనక్కి తిప్పింది. నాయన కాగితాలు చదివిన సంగతి ఎడమ పేజీలో ఉంది. మామ దీపాల వేళకు తిరిగి వచ్చి పడుకున్న సంగతి కుడి పేజీలో ఉంది. సరిగ్గా పిన్నులు కొట్టిన నడిమి కాగితం అది. ఎడమది చింపితే కుడిదీ ఊడి వస్తుంది. చింపకుండా మూసేసింది.

మూడో రోజు బోరు లారీ వచ్చింది. నాయన వద్దంటాడేమోనని తిమ్మక్క చూసింది. వద్దనలేదు. మూడు రాళ్ళూ తానే తీసి పక్కన పెట్టాడు. ఇనుప గొట్టం గర్జిస్తూ దిగింది. వంద అడుగుల దాకా తెల్ల దుమ్ము. ఊరు ఊరంతా ముక్కులకు గుడ్డలు కట్టుకొని నిలబడింది. నూట యాభై. దుమ్ము రంగు మారింది. నూట ఎనభై దగ్గర లారీవాడు కేక పెట్టాడు. నేల కింద ఏదో పెద్ద ప్రాణి ఊపిరి వదిలినట్టు వినబడింది. మరుక్షణం బురదనీళ్ళు తుమ్మచెట్టు కొమ్మలను దాటి ఎగిరి, విరిగి, జనం మీద పడ్డాయి.

ముసలివాళ్ళు నోళ్ళు తెరిచి తలలు పైకెత్తి తడిసిపోయారు. తిమ్మక్క అరచేతులు చాపింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ తాను నడిచిన నేల కింద ఇవి ఉన్నాయి. దారిన పోయే మనిషి చేతిలో కాయ వాటిని కనుక్కుంది. ఆ చేతులే ఆ రాత్రి నిప్పు కూడా పట్టాయేమో. ఆ రెండు సంగతులూ ఆమె తలలో పక్కపక్కన నిలబడ్డాయి. ఒకదాన్ని ఒకటి తోసేయలేదు.

అవ్వ హారతి పళ్ళెం తెచ్చి, కర్పూరం వెలిగించబోయి ఆగిపోయింది. "ఎవరికి మొక్కల్లప్పా ఇప్పుడు?" అంది. "ఈ నీళ్ళు తాగొచ్చునా?"

"నీళ్ళకేం తెలుసు అత్తా" అంది అమ్మ. కానీ ఆమె కూడా తాగలేదు.

జీపు అప్పుడే వచ్చింది. ఎస్సై దిగాడు. వెనక కానిస్టేబులు మామను దించాడు. మామ పెదవి వాచి పగిలి ఉంది. ఒక కన్ను తెరుచుకోలేదు. అయినా నీళ్ళ వైపు చూసి, "పడినాయా!" అన్నాడు.

"తిమ్మక్క ఎవరు?" అన్నాడు ఎస్సై. "ఈ మనిషి రెండు దినాలుగా ఒకటే మాట. నాకేం తెలియదు, మా కోడలు పుస్తకంలో అన్నీ రాస్తాది, దాన్నడగండి, అని. ఎవరమ్మా?"

ఊరంతా ఆమె వైపు తిరిగింది. తిమ్మక్క తడి పరికిణీతో ఇంట్లోకి నడిచి, గాదె వెనక నుంచి పుస్తకం తెచ్చింది. నడిమింట్లో ఎస్సై మంచం మీద కూర్చున్నాడు. నాయన గోడకు ఆనుకున్నాడు, ఆనాడు ఆనుకున్న చోటే. మామ నేల మీద కూలబడ్డాడు. ఎస్సై పుస్తకం తెరిచి ముఖం చిట్లించాడు. "ఏమ్మా ఈ చీమల బారు? నా కండ్లకు ఆనదు. నువ్వే చదువు. ఆ దినంది."

పుస్తకం తన చేతికి తిరిగి వచ్చాక తిమ్మక్కకు తెలిసింది. ఏ వాక్యాన్నైనా దాటేయవచ్చు. దాటేస్తే ఎవరికీ తెలియదు. నాయనకు కూడా.

"ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు" అని మొదలుపెట్టింది. గొంతు పిల్లి గొంతులా వచ్చింది. "గట్టిగా" అన్నాడు ఎస్సై. మళ్ళీ మొదలుపెట్టింది. అవ్వ సంచిలో పిలక చూడడం, పేరు అడగకపోవడం, మామ పీర్ల పండుగకు రమ్మని పిలవడం. అక్కడ ఎస్సై మామ వైపు చూశాడు. "గుండం తొక్కేవాడే కదా నువ్వు" అని తనలో అనుకున్నట్టు అన్నాడు. మామ తలూపాడు. వాచిన కంట్లోంచి నీరు కారింది.

తిమ్మక్క పేజీ తిప్పింది. ఎడమ పేజీ.

బయట చేనులో నీళ్ళు ఇంకా ఎగిరి పడుతున్నాయి. ఆ చప్పుడు ఇంట్లో నిండిపోయింది. ఆమె నాయన వైపు చూడలేదు. చూస్తే చదవలేనని తెలుసు. మామ పగిలిన పెదవి వైపు చూసింది. చక్కెర పోసిన ముడతల చేయి గుర్తొచ్చింది.

"ఆయన అరుగు మీద పడుకున్నప్పుడు నాయన లోపలికి వచ్చాడు. వక్కాకులు పెట్టాలని సంచి తెరిచాడు. అందులో ఎర్ర అక్షరాల కాగితాలు ఉన్నాయి. పైన నిప్పుకణిక బొమ్మ ఉంది. నాయన ఒక కాగితం రెండుసార్లు చదివాడు. మళ్ళీ సంచిలో పెట్టాడు. కాసేపు చేను వైపు చూశాడు."

అవ్వ, "మే!" అంది. అమ్మ చేయి నోటికి పోయింది. తిమ్మక్క ఆగలేదు. తన గొంతు తనదిగా వినబడడం ఆమెకే వింతగా ఉంది. పొడినేలలోంచి ఏదో లేచి వస్తున్నట్టు ఉంది. "మామకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మామ ఆయన్ను రోడ్డు దాకా దించి..."

"చాలు పాపా."

నాయన గోడ విడిచి నిలబడ్డాడు. "మిగిలింది నేను చెప్తా సార్. వీనికి ఏం తెలియదు. వాడెవడో నాకు ఆ మద్దేనమే తెలిసింది. నీళ్ళు చూపించినాంక స్టేషనుకు పోయి చెబుదామనుకుంటి." ఆయన తలుపులోంచి చేను వైపు చూశాడు. "చూపించినాంక నోరు రాలేదు."

ఎస్సై లేచాడు. లోపలి గది చూపించాడు. "అందులోకి పదప్పా, నీ మాట రాసుకోవల్ల. కానిస్టేబులూ, వాణ్ణి విడువు."

మామ చేతులు నేల మీద ఆనించి లేవబోయి లేవలేకపోయాడు. అమ్మ పరుగెత్తి తమ్ముణ్ణి పట్టుకుంది. తిమ్మక్క పుస్తకాన్ని రొమ్ముకు అదుముకొని నాయన వెనకాలే నడిచింది. ఏమైనా చెప్పాలని ఉంది. చదివినప్పుడు ఉన్న గొంతు ఎక్కడికో పోయింది.

ఎస్సై వెంట గడప లోపలికి పోయాక నాయన తిరిగి నిలబడ్డాడు. ఆమెను చూశాడు. కోపం ఉంటుందనుకుంది. లేదు. తుమ్మచెట్టు దగ్గర, అరచేతిలో కాయ లేచి నిలబడ్డప్పుడు ఆ మనిషి ముఖం ఎట్లా ఉందో, నాయన ముఖం ఇప్పుడు అట్లాగే ఉంది. తన ఇంట్లో, తన కళ్ళ ముందే, ఇన్నాళ్ళూ ఇది ఉందా అన్నట్టు.

"రాసేది ఆపొద్దు" అన్నాడు.

తర్వాత తలుపు రెక్క పట్టుకొని, చప్పుడు కాకుండా, ఆమె ముఖం మీదే మూశాడు.